హారన్ బాబాయ్ పెట్టెలో మొలిచినవీ మొలవనివీ

హారన్ బాబాయ్ అబద్ధం ఆడడు. మా వీధిలో ఎవరిని అడిగినా ఆ మాటే చెప్తారు. ఆయన నిజానికి కాస్త ఎరువు వేస్తాడు, అంతే. ఆ ఎరువు ఎక్కువై ఒక్కోసారి అడుగున నిజం చచ్చిపోతుంది.

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు గానీ గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆ పేరు అందుకే వచ్చింది. సాయంత్రం టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని మొదలుపెట్టాడంటే, పక్కనే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ నాకు ఒక్క ముక్క కూడా పోదు. బట్టలతో పాటు కబుర్లు కూడా మడతపెట్టుకోవడం నాకు అలవాటు కాబట్టి ఇద్దరికీ సౌకర్యంగానే ఉంటుంది. ఇంట్లో ఆయన చెప్పేది వినడానికి ఉన్నది ఆయన భార్య ఒక్కతే. ఆవిడకి చెవుడు. అదృష్టవంతురాలని కొందరంటారు. నేనూ ఒకసారి అన్నాను.

మేమెవ్వరం ఆయన మాట నమ్మం. నమ్మకపోబట్టే ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. టైలరు నమ్మడు, కానీ చెప్పిన రోజుకి ఒక్క చొక్కా అయినా కుట్టిచ్చి ఎరగడు కాబట్టి ఇంకొకరి మాటలు పట్టుకుని వేధించడు. టీ కొట్టు వదిన నమ్మదు, కానీ కథ సాగితే టీ కూడా సాగుతుందని ఊరుకుంటుంది.

ఆ రోజు బెంచీ చివర కటింగ్ షాపు తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు. సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో అలాగే వదిలేసి వచ్చాడని తర్వాత తెలిసింది. టీ చెప్పాడు గానీ తాగలేదు. ఎందుకొచ్చాడో నాకు పొద్దున్నే తెలుసు. వాళ్ళావిడ దుప్పట్లు ఇవ్వడానికి వచ్చి, దుప్పట్ల సంగతి మర్చిపోయి ఇదంతా చెప్పింది.

ఈమధ్యే తమ్ముడి వాళ్ళమ్మ పోయింది. ఆవిడ కట్టుడు పళ్ళు గాజు గిన్నెలో, అద్దం పక్కన అలాగే ఉండిపోయాయి. తీసి పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. మొన్న చూస్తే గిన్నె ఖాళీ. ఏమయ్యాయని నాలుగేళ్ళ కూతుర్ని అడిగితే "నాటాను" అంది. ఎక్కడ? బడిలో, కూరగాయల పెట్టెలో. హారన్ తాత చెప్పాడట, ఆ పెట్టెలో ఏది నాటినా మొలుస్తుందని. పడుకునే ముందు పళ్ళు తీసి గిన్నెలో పెట్టడం, లేవగానే మళ్ళీ పెట్టుకోవడం పాప రోజూ చూసేది. నానమ్మలో విడిగా తీయడానికి వీలైంది అదొక్కటే. అందుకని అదే నాటింది. పిల్లలు మనకంటే తిన్నగా ఆలోచిస్తారు. చిక్కంతా అక్కడే.

అప్పట్నుంచి బడి వదిలినా పాప ఇంటికి రావడం లేదు. పెట్టె పక్కనే నిలబడి ఉంటుంది. "నేను వెళ్ళాక నానమ్మ వస్తే? ఇక్కణ్ణించి మనింటికి దారి తెలీదు కదా," అంటుంది. చీకటి పడేవేళకి ఎత్తుకుని తెచ్చుకోవలసి వస్తోంది. నానమ్మ రాదమ్మా అని వాళ్ళ నాన్న చెప్పాడు, అమ్మ చెప్పింది, టీచరమ్మ చెప్పింది. "మీకు తెలీదు, హారన్ తాతకి తెలుసు," అంది.

అంటే హారన్ బాబాయ్ మాట నమ్మే మనిషి ఈ లోకంలో ఒకరు పుట్టారన్నమాట. ఆ మాట వెనక్కి తీసుకోగలిగింది కూడా ఆయనొక్కడే. అది అడగడానికే తమ్ముడు వచ్చాడు. కానీ అప్పటికే బాబాయ్ బండి స్టార్ట్ చేశాడు.

"అసలు ఆ పెట్టె పెట్టమని నన్ను బతిమాలింది టీచరమ్మ. 'బాబాయ్ గారూ, బడి ముందంతా సిమెంటు, పిల్లలకి మట్టి అంటే ఏమిటో తెలీకుండా పోతోంది, మీరేమైనా చేయగలరా' అంది. నేనేమన్నాను? 'అమ్మా, రోడ్డు లేని చోట బస్సు నడిపినవాణ్ణి, నేల లేని చోట తోట పెట్టలేనా' అన్నాను. అప్పుడే డిపోలో నా పాత బస్సుని విప్పేస్తున్నారు. దాని అడుగు చెక్కలు అడిగి తెచ్చుకున్నా. నాలుగు వైపులా బిగించా. ఎత్తు ఎంత? పిల్లల మోకాలికి పైన, నడుముకి కింద. వంగనక్కర్లేదు, నిక్కి చూడనక్కర్లేదు. ఎక్కడా వేలికి పేడు గుచ్చుకోకుండా చిత్రిక పట్టా. అడుగున ఎండుటాకులు, దాని మీద మట్టి, మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు. ఇంతవరకూ అబద్ధం ఉందా?"

"ఇంతవరకూ లేదు," అన్నాడు టైలరు, కొంచెం నిరాశగా.

"ఇక విను. పిల్లలందర్నీ చుట్టూ నిలబెట్టి ఒక్కొక్కళ్ళ అరచేతిలో ఒక్కో చిక్కుడు గింజ పెట్టా. వేలు గుచ్చండి, గుంటలో గింజని పడుకోబెట్టండి, మట్టి దుప్పటి కప్పండి అన్నా. కప్పారు. చేతులు దులుపుకున్నారో లేదో, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మొలిచాయా?" అంది వదిన టీ వడగడుతూ.

"మొలవడమేమిటి అమ్మాయ్! ఒకడు మట్టిలోంచి వేలు తీయడం ఆలస్యం చేశాడు. తీగ వాడి వేలికి చుట్టుకునే పైకి లేచింది. వాడు ఏడుపు, నేనేమో తీగ తెగకుండా మెల్లిగా విప్పడం. విప్పేసరికి అది నా భుజం దాకా వచ్చేసింది. మధ్యాహ్నం పిల్లలు పడుకుని లేచేసరికి బడి కప్పెక్కి, అవతల కిటికీలోంచి మళ్ళీ లోపలికొచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది."

"బాబాయ్, ఒక్క మాట," అన్నాడు తమ్ముడు.

"ఉండు అబ్బాయ్, మలుపులో డ్రైవర్తో మాట్లాడకూడదు. చిక్కుడు సంగతి వదిలెయ్, అది పిల్ల కాయ. టమాటా! ఒక్క టమాటా కోస్తే ఇద్దరు పిల్లలు దొర్లించుకుంటూ వంటగదికి తీసుకెళ్ళారు. గుమ్మంలో పట్టలేదు. తలుపు విప్పాల్సొచ్చింది."

"మొన్న నేను పాలు పోయడానికి వెళ్తే తలుపు ఉందే," అంది వదిన.

"మళ్ళీ బిగించింది ఎవరనుకున్నావ్? నేనే. నీ పాలు ఎవరూ దొంగిలించకూడదని."

టైలరు నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు. గ్లాసు అంచు చుట్టూ వేలితో రాస్తూ కూర్చున్నాడు. బాబాయ్‌కి అదేమీ కనపడదు. కథ చెప్పేటప్పుడు ఆయన మనుషుల్ని చూడడు. ముందుకి చూస్తాడు, దూరంగా, ఎదురుగా రోడ్డున్నట్టు. చేతులు కూడా ఊరికే ఉండవు. గాల్లో ఏదో గుండ్రటిది పట్టుకున్నట్టే ఉంటాయి. ఇన్నేళ్ళూ వెనకాల కూర్చున్నవాళ్ళ ముఖాలు చూడకుండా వాళ్ళని మోసినవాడు, ఇప్పుడు మాత్రం ఎలా చూస్తాడు?

"గుమ్మడి తీగ సంగతి చెప్తా. అవి బస్సు చెక్కలు కదా, పాత అలవాటు ఎక్కడికి పోతుంది? తీగ ముందుకి పాకడం మొదలెట్టింది. దాని వెనకాలే పెట్టె కదిలింది! నేను కళ్ళు నులుముకున్నా. పిల్లలు 'తాతా, బస్సు బస్సు' అని కేకలేస్తూ ఎక్కేశారు. నేను పరిగెత్తి ముందు కూర్చున్నా. చేతికి అందింది వంటగదిలో పళ్ళెం, అదే స్టీరింగు. కింద నాలుగు గుమ్మడికాయలు ఊరాయి, అవే చక్రాలు. గేటు దాటాం. మెయిన్ రోడ్డెక్కాం."

"టిక్కెట్లు?" అన్నాడు టైలరు.

"పసిపిల్లలకి టిక్కెట్టేమిట్రా! అయినా ఊరికే ఎక్కించుకోకూడదు కదా, తలో ముల్లంగి ఆకు చింపి ఇచ్చా."

"హారన్?"

"నేనుండగా వేరే హారనెందుకు? ఎదురుగా నిజం బస్సు వచ్చింది. ఆ డ్రైవరు నా చేతికింద నేర్చుకున్నవాడే. నన్ను చూసి, బస్సు పక్కకి తీసి, దిగి నిలబడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందులో ప్యాసింజర్లు దిగి మా పెట్టె ఎక్కుతామన్నారు. పెద్దవాళ్ళకి చోటు లేదని చెప్పా."

"మరి నా కొట్టు ముందునుంచే కదా వెళ్ళాలి, నాకు కనపడలేదే," అంది వదిన.

"నువ్వప్పుడు పాలు పొంగుతున్నాయని లోపలికి పరిగెత్తావమ్మాయ్. పొంగించింది కూడా నేనే అనుకో, నువ్వు చూస్తే దిష్టి తగుల్తుందని."

"బాబాయ్," అన్నాడు తమ్ముడు మళ్ళీ. ఈసారి కొంచెం గట్టిగా.

"వస్తున్నా, నీ స్టాపు దగ్గరికే వస్తున్నా. అసలు మహిమ కాయల్లో లేదురా. మట్టిలో ఉంది. ఒక పిల్లాడు గింజ పారేసుకుని, దాని బదులు గుండీ నాటాడు."

టైలరు నవ్వు ఆగిపోయింది. "గుండీనా? నీలం రంగుదా?"

"ఏ రంగైతేనేం! మొక్క నిండా రంగురంగుల గుండీలు, గుత్తులు గుత్తులు. పైన కాజాలు కూడా పూశాయి."

"నా డబ్బాలో గుండీలు ఎందుకు తరిగిపోతున్నాయో ఇప్పుడు తెలిసింది. మా మేనల్లుడు ఆ బడికే వెళ్తాడు. అక్కడ నాటుతున్నాడా వెధవ!"

"నాటడం కాదురా, నీ కొట్టు పెంచుతున్నాడు. ఇంకో పిల్ల స్పూను నాటింది."

"చిన్నది, వంపు తిరిగిన కాడదేనా?" అంది వదిన. "వారం నుంచి పంచదార చేత్తో వేస్తున్నాను బాబాయ్."

"ఆ మొక్కకి గరిటెలు కాశాయమ్మాయ్, ఒక్కోటి ఇంత! ఇంకొకడు తాళంచెవి నాటాడు. తెల్లారేసరికి తాళం కాసింది. సాయంత్రానికి తాళానికి తలుపొచ్చింది, తలుపుకి గదొచ్చింది, గదికి మేడ రాబోతోంది, ఇక లాభం లేదని నేనే తీగ తుంచేశా, లేకపోతే బడికి చోటెక్కడ ఉండేది? అప్పుడు చెప్పా పిల్లలకి. ఒరేయ్ పిల్లలూ, ఈ తాత పెట్టెలో పెట్టింది ఏదీ పోదు. మీరు ఏది దాచుకుంటే అది తిరిగొస్తుంది. ఏదైనా సరే!"

తమ్ముడు గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఏదైనానా?"

"ఏదైనా!"

"మరి మా అమ్మ ఎప్పుడొస్తుంది బాబాయ్?"

పొయ్యి మీద టీ మరుగుతున్న చప్పుడు నాకు అప్పుడే మొదటిసారి వినిపించింది. అంతకుముందు కూడా మరుగుతూనే ఉండి ఉంటుంది, ఆయన గొంతు కింద పడి వినపడలేదు.

తమ్ముడు పళ్ళ సంగతి చెప్పాడు. తక్కువ మాటల్లోనే చెప్పాడు. వాడు మొదట్నుంచీ అంతే, కటింగ్ చేసేటప్పుడు కూడా మాట్లాడడు. అందుకే వాడి షాపులో కబుర్లు దొరకవని నేనెప్పుడూ గడ్డం అక్కడ చేయించుకోను.

బాబాయ్ చేతులు గాల్లోంచి ఒళ్ళోకి దిగాయి. నోరు మాత్రం అలవాటుగా కదిలింది. "పళ్ళంటే గట్టివి కదా... గట్టి గింజ కాస్త ఆలస్యంగానే..."

"బాబాయ్," అంది వదిన. అంతే అంది.

ఆయన ఆగిపోయాడు. "గింజలు వెంటనే మొలవలేదని పిల్లలు బిక్కమొహాలు వేశారురా," అన్నాడు. "నవ్విద్దామని చెప్పాను. నవ్వారు కూడా. నీ కూతురు ఒక్కతే నవ్వలేదు. అలా చూస్తూ నిలబడింది. అబ్బ, ఎంత బాగా వింటోందో అనుకున్నాను."

"నేను చెప్తే వినడం లేదు. నువ్వే చెప్పాలి."

"ఏమని?"

"రాదని."

బాబాయ్ తలెత్తి మా అందరి ముఖాలూ ఒకటొకటిగా చూశాడు. "మీరెవరూ ఏనాడూ నా మాట నమ్మలేదు. నాకు తెలుసు. నా బండి ఎక్కింది ఆ పిల్ల ఒక్కతే. దాన్ని కూడా దింపెయ్యమంటావా?"

"దింపెయ్ బాబాయ్," అన్నాడు తమ్ముడు. "అది దిగితే గానీ ఇంటికి రాదు."

ఇద్దరూ బడివైపు నడిచారు. నేను కూడా వెళ్ళాను. టీచరమ్మ బట్టలు ఇస్త్రీ అయి ఉన్నాయి, ఇవ్వాలి కదా. వాటికి తొందర లేదన్న సంగతి తిరిగొచ్చాక గుర్తొచ్చింది.

పెట్టె నిజంగానే నున్నగా ఉంది. అంచు మీద చెయ్యి వేసి చూశాను, ఒక్క పేడు లేదు. అందులో చిక్కుడు మొక్కలు నా చిటికెన వేలంత ఉన్నాయి. ముల్లంగి ఆకులకి పురుగు పట్టి చిల్లులు పడ్డాయి. బడి తలుపు ఎవరూ ఏనాడూ విప్పిన జాడ లేదు. పెట్టె మూల దగ్గర పాప నిలబడి ఉంది. తాగడానికి ఇంట్లో ఇచ్చిన సీసాలోంచి ఆ మూల మట్టి మీద కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తోంది. దాని పెదాలు మాత్రం ఎండిపోయి ఉన్నాయి.

"తాతా, ఇంకా రాలేదు," అంది. ఫిర్యాదులా లేదు. స్టాపులో నిలబడి పక్కవాళ్ళతో అంటామే, అలా అంది.

బాబాయ్ మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చున్నాడు. కూర్చున్నాక ఇద్దరి తలలూ సమంగా వచ్చాయి. మొదలుపెట్టడానికి ఆయనకి ఎన్ని దారులు తెలుసో నాకు తెలుసు. ఒక్కటీ పట్టుకోలేదు.

"గుండీ మొలవలేదమ్మా," అన్నాడు.

"ఊఁ."

"స్పూనూ మొలవలేదు."

"తాళంచెవి?"

"అదీ అంతే."

"మరి చెట్టొచ్చిందన్నావుగా?"

"అన్నాను. అది కథ. చెప్పుకోవడానికి బావుంటుందని చెప్పాను. గింజలే మొలుస్తాయమ్మా. మిగతావి మొలవవు."

బాబాయ్ మూలలో మట్టిని వేళ్ళతో తవ్వి, పళ్ళ సెట్టు బయటికి తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. సందుల్లో మట్టి పోలేదు. గోటితో తీయబోయి, మానేసి, పాప చేతిలో పెట్టాడు.

"ఇవి కూడా మొలవవు."

"మరి నానమ్మ?"

తప్పించుకుపోవడానికి అక్కడ సందు లేకపోలేదు. ఎక్కడికో ఊరెళ్ళిందనొచ్చు. నిద్రపోతోందనొచ్చు. పైనుంచి చూస్తోందనొచ్చు. మేమైతే అదే అని ఉండేవాళ్ళం, అని, మంచిపని చేశామనుకుని ఇంటికి వెళ్ళి అన్నం తినేవాళ్ళం.

"నానమ్మ కూడా రాదమ్మా," అన్నాడు.

హారన్ బాబాయ్ మాట వినడానికి ఇంకాస్త దగ్గరికి జరగాల్సి రావడం నాకు అదే మొదలు.

పాప ఏడవలేదు. వాళ్ళ నాన్న ఏడ్చాడు, గోడవైపు తిరిగి. ఎవరికీ చెప్పొద్దన్నట్టు నా వైపు చూశాడు. చెప్పనన్నట్టు తలూపాను.

పాప పళ్ళ సెట్టుని గౌను జేబులో పెట్టుకుంది. బాబాయ్ నెరిసిన గడ్డం, కళ్ళజోడు, నేల మీద ఆనించిన ముడతల చెయ్యి అన్నీ కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"తాతా, మరి నువ్వు చచ్చిపోతే? నీ కళ్ళజోడు నాటితే?"

"రాను."

"ఏం నాటినా?"

"ఏం నాటినా రానమ్మా."

పాప సీసా ఎత్తి ఎన్ని నీళ్ళు మిగిలాయో చూసింది. మూల మట్టిని ఒకసారి చూసింది. తర్వాత సీసా ఆయన ముందుకి చాపింది.

"అయితే ఇవి నువ్వు తాగు."

బాబాయ్ రెండు చేతులా అందుకున్నాడు. పాప చూస్తుండగా, కొంచెం తాగి మిగిలినవి పాపకి ఇచ్చాడు.